నర్సమ్మ నడిచిన దారి – 17: తెలిసినా చెప్పకూడని మాట

(ఇంతవరకు: 1893లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్ ఇరుకు ఇళ్ళలో లిలియన్ వాల్డ్ ఇంటింటి నర్సింగ్ మొదలుపెట్టింది. 'ప్రజారోగ్య నర్సు' అన్న పేరు అక్కడే పుట్టింది. ఆసుపత్రి గడప దాటి బయటికి వచ్చిన నర్సు, జబ్బును దాని సొంత ఇంట్లో చూసింది. ఆ చూపు ఆమెను ఎంతదూరం తీసుకెళ్ళిందో ఈ భాగంలో చూద్దాం.)

అర్ధరాత్రి ఫోను

అమెరికాలో ఒక ఆసుపత్రి. అర్ధరాత్రి దాటింది. వార్డులో ఒకామెకు నిద్ర పట్టడం లేదు. తండ్రి పోయిన కబురు ఆ రోజే తెలిసింది. డ్యూటీలో ఉన్న నర్సు, ఇంట్లో పడుకున్న డాక్టరును ఫోనుచేసి లేపి సంగతి చెప్పింది. ఇదివరకు ఆమెకు ఏ నిద్రమందు పనిచేసిందని ఆయన అడిగాడు. మొన్న రాత్రి పెంటోబార్బిటాల్ 100 మిల్లీగ్రాములు బాగా పనిచేసిందని నర్సు చెప్పింది. అయితే అదే ఇవ్వమన్నాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పి ఫోను పెట్టేసింది.

ఆ నిమిషం సంభాషణను లెనార్డ్ స్టీన్ అనే మానసిక వైద్యుడు 1967లో ఒక వైద్య పత్రికలో విప్పి చూపించాడు. ఆ వ్యాసం పేరు 'డాక్టర్-నర్స్ ఆట'. రోగి ఎందుకు నిద్రపోలేకపోతోందో కనిపెట్టింది నర్సు. మందు పేరు చెప్పింది నర్సు. మోతాదు చెప్పిందీ నర్సే. కానీ ఆ ముక్క తన నోటినుంచి సలహాలా రాకూడదు. డాక్టరు అడగాలి, ఆమె జ్ఞాపకం చేసినట్టు చెప్పాలి, ఆయన ఆజ్ఞాపించాలి. ఇద్దరూ నియమం తప్పకుండా ఆడితే రోగికి నిద్ర పడుతుంది. ఒకరు తప్పితే వార్డులో పంతాలు మొదలవుతాయి, నలిగేది రోగి.

ఈ నియమం వెనక ఒక రాతకోత కూడా ఉంది. 1955లో అమెరికన్ నర్సుల సంఘం నర్సింగ్ వృత్తికి ఒక నమూనా నిర్వచనం తయారుచేసింది. రోగ నిర్ధారణ చేయడం, చికిత్స నిర్ణయించడం నర్సు పనిలోకి రావని అందులో స్పష్టంగా రాసుకున్నారు. ఆ మాటలను ఎన్నో రాష్ట్రాలు తమ చట్టాల్లోకి తెచ్చుకున్నాయి. అలా నర్సులు కూర్చుని గీసుకున్న గీతే వాళ్ళ కాళ్ళకు అడ్డం పడింది. కళ్ళెదుట నెత్తురు కారుతున్నా 'రక్తస్రావం అవుతున్నట్టు కనిపిస్తోంది' అని రాయాల్సిన పరిస్థితి. చూసింది చూసినట్టు రాస్తే అది రోగ నిర్ధారణ అయిపోతుందన్న భయం.

తెలిసినా చెప్పకూడదు. చేసినా చేసినట్టు ఒప్పుకోకూడదు. ఈ ముడిని విప్పే పని 1965లో రాకీ పర్వతాల పక్కన మొదలైంది. కానీ దానికి నలభై ఏళ్ళ ముందే, డాక్టరే లేని ఒక కొండ ప్రాంతం నర్సుకు ఆ స్వేచ్ఛ ఇచ్చి చూసింది. ముందు అక్కడికి వెళ్దాం.

గుర్రం మీద వచ్చిన మంత్రసాని

కెంటకీ రాష్ట్రం తూర్పున అపలాచియన్ కొండలు. 1925 నాటికి అక్కడ రోడ్లు లేవు. వాగులే దారులు. ఆ ఏడాది మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు అక్కడ ఒక సంస్థ పెట్టింది. తరువాత దానికి 'ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్' అని పేరు స్థిరపడింది.

ఆమె పెద్దింటి బిడ్డ. 1916లో పుట్టిన కూతురు కొన్ని గంటలే బతికింది. 1918లో నాలుగేళ్ళ కొడుకు చనిపోయాడు. తన ఇద్దరు పిల్లలూ దక్కలేదు కాబట్టి, పరాయి తల్లుల పిల్లలను దక్కించే పనికి మిగిలిన జీవితాన్ని ఇచ్చేసింది. ఇంగ్లండు వెళ్ళి మంత్రసాని విద్య నేర్చింది. 1924లో స్కాట్లండు కొండలు, దీవులు తిరిగి, చెదురుమదురు ఊళ్ళకు నర్సుల ద్వారా వైద్యం అందించే ఏర్పాటును చూసింది. ఆ పద్ధతినే కెంటకీకి తెచ్చింది.

సుమారు 700 చదరపు మైళ్ళ ప్రాంతంలో నర్సుల స్థావరాలు వెలిశాయి. నర్సు గుర్రమెక్కి, జీనుకు సంచులు కట్టుకుని వాగులు దాటి వెళ్ళేది. ఆ సంచుల్లో మందులతోపాటు ఒక చిన్న పుస్తకం ఉండేది. లెక్సింగ్టన్ పట్నంలోని డాక్టర్ల సలహా సంఘం ఆమోదించిన సూచనలవి. ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు డాక్టరును పిలవాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఈనాడు ప్రపంచమంతా 'ప్రోటోకాల్' అంటున్నది ఇలాంటి పుస్తకాన్నే.

మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థ గణాంక నిపుణుడు లూయీ డబ్లిన్ అక్కడి మొదటి 1,000 కాన్పుల లెక్కలు పరిశీలించాడు. దేశంలో తల్లుల మరణాలు భయంకరంగా ఉన్న రోజుల్లో, ఆ నిరుపేద కొండల్లో నర్సుల చేతుల మీద కాన్పయిన తల్లుల క్షేమం దేశపు సగటు కంటే ఎంతో మెరుగ్గా ఉందని తేల్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే అక్కడి బ్రిటిష్ నర్సుల్లో చాలామంది స్వదేశానికి వెళ్ళిపోయారు. చేతులు తగ్గిపోయాయి. 1939లో బ్రెకిన్‌రిడ్జ్ అక్కడే మంత్రసానుల బడి తెరిచింది. ఇరవై అయిదేళ్ళు దాన్ని నడిపించి 1965 మే నెలలో ఆమె కన్నుమూసింది.

కెంటకీ చెప్పిన పాఠం గొప్పదే. కానీ దేశం దాన్ని కొండల్లోనే వదిలేసింది. డాక్టరు లేనిచోట దిక్కులేక చేసుకున్న ఏర్పాటుగానే చూసింది. పట్నంలో, డాక్టరు పక్కనే ఉన్నచోట నర్సుకు ఆ పని ఇవ్వవచ్చా? బ్రెకిన్‌రిడ్జ్ పోయిన ఏడాదే ఈ ప్రశ్న మరోచోట లేచింది.

బౌల్డర్ నర్సు, డెన్వర్ డాక్టరు

లొరెట్టా ఫోర్డ్ 1920లో న్యూయార్క్‌లో పుట్టింది. న్యూజెర్సీలో నర్సింగ్ నేర్చింది. 1942లో, పెళ్ళి చేసుకోవలసిన యువకుడు యుద్ధంలో చనిపోయాడు. ఆమె సైన్యపు వైమానిక దళంలో నర్సుగా చేరింది. యుద్ధం ముగిశాక కొలరాడో విశ్వవిద్యాలయంలో చదివి 1949లో డిగ్రీ, 1951లో మాస్టర్స్, 1961లో డాక్టరేట్ తీసుకుంది. చదువుకు చదువుకు మధ్య బౌల్డర్ జిల్లాలో ప్రజారోగ్య నర్సుగా పల్లెలు తిరిగింది.

పసిపిల్లల ఆరోగ్యం చూసే శిబిరాలకు డాక్టర్లు దొరికేవాళ్ళు కాదు. బరువు తూచడం, టీకాలు వేయడంతో నర్సు పని ఆగేది కాదు. ఈ బిడ్డ సరిగ్గా ఎదుగుతున్నదా, ఈ చెవిపోటు ఇంట్లో తగ్గేదా, డెన్వర్ దాకా మోసుకెళ్ళవలసినదా అని తల్లి అడిగేది ఆమెనే. నర్సు నిర్ణయం తీసుకునేది. కానీ ఆ నిర్ణయానికి కావలసిన శాస్త్రం ఆమెకు ఎవరూ క్రమంగా నేర్పలేదు, నేర్చుకున్నా దానికి పేరు లేదు. అనుభవం ఉన్న నర్సు నెట్టుకొచ్చేది. లేని నర్సు దగ్గర బిడ్డ అదృష్టం.

ఫోర్డ్‌ను కదిలించింది ఈ వెలితే. నర్సులు మాస్టర్స్ దాకా చదువుతున్నారు. ఆ చదువంతా పాలన, బోధన చుట్టూ తిరుగుతోంది. రోగి దగ్గర కూర్చుని చేసే పనిలో లోతు ఎక్కడ? పశ్చిమ రాష్ట్రాల నర్సింగ్ అధ్యాపకులు 1960ల మొదట్లో ఇదే విషయం చర్చిస్తున్నారు. ఆ చర్చల్లో ఆమె ఉంది.

ఆమెకు తోడు దొరికినవాడు హెన్రీ సిల్వర్. పిల్లల డాక్టరు. పిల్లల్లో ఎదుగుదల కుంటుపడే ఒక అరుదైన జబ్బుకు ఈనాటికీ ఆయన పేరుంది: సిల్వర్-రస్సెల్ సిండ్రోమ్. తన దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి పెద్ద చదువుల డాక్టరు అక్కర్లేదని, ఓపిగ్గా చూసి తల్లికి వివరించి చెప్పే నిపుణురాలు చాలునని ఆయనకు అర్థమైంది.

1965లో వీళ్ళిద్దరూ డెన్వర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. దానికి పెట్టిన పేరు 'పీడియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్'. సుసాన్ స్టియర్లీ మొదటి విద్యార్థిని.

కాలం కూడా కలిసొచ్చింది. అదే ఏడాది జులై 30న అధ్యక్షుడు జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం చేశాడు. వృద్ధులకు, పేదలకు ప్రభుత్వం వైద్యం ఖర్చు భరిస్తుంది. అప్పటిదాకా గడప తొక్కనివాళ్ళు డాక్టరు గుమ్మం ముందుకు వచ్చారు. డాక్టర్లేమో స్పెషలిస్టులయ్యే దారి పట్టారు. జలుబు, జ్వరం, బీపీ చూసే కుటుంబ వైద్యులు తగ్గిపోతున్నారు. నర్స్ ప్రాక్టీషనర్ పుట్టింది డాక్టర్ల కొరతవల్లేనని చాలా పుస్తకాలు రాస్తాయి. ఫోర్డ్ దీన్ని జీవితాంతం ఒప్పుకోలేదు. కొరత తలుపు తెరిచిందేగానీ, తాము లోపలికి వెళ్ళింది నర్సింగ్‌కు లోతు తేవడానికేనని ఆమె వాదన. చరిత్ర చదివేవాళ్ళు ఈ తేడాను జాగ్రత్తగా పట్టుకోవాలి. కొరతను నింపడానికే వచ్చిన మనిషిని, కొరత తీరగానే పక్కకు పెట్టేస్తారు.

నాలుగు నెలలు, ఇరవై నెలలు

ఆ చదువు ఎలా సాగింది? మొదటి నాలుగు నెలలు విశ్వవిద్యాలయంలో గట్టి శిక్షణ. బిడ్డ చరిత్ర తల్లి నోట రాబట్టడం, తల నుంచి పాదం దాకా పరీక్షించడం, చెవిలోకి కాంతి పంపి కర్ణభేరి రంగు చూడటం, గుండె చప్పుడులో మామూలు శబ్దానికీ తేడా శబ్దానికీ భేదం గుర్తుపట్టడం. స్టెతస్కోపు అంతవరకు నర్సుకు బీపీ చూడటానికే. దాన్ని బిడ్డ గుండె మీద పెట్టి, విన్నది తన మాటల్లో చెప్పమని అడగడం కొత్త.

పిల్లల ఎదుగుదలను కొలిచే డెన్వర్ పరీక్ష కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే తయారై 1967లో వెలువడింది. ఏ వయసుకు నవ్వాలి, ఎప్పుడు కూర్చోవాలి, ఎన్నో నెలకు మాట రావాలి అన్న ఆ పట్టికను మన ఆంధ్ర, తెలంగాణ నర్సింగ్ కాలేజీల్లో పిల్లలు ఈనాటికీ పరీక్షలకు చదువుతారు.

తరువాతి ఇరవై నెలలు పేదలుండే ప్రాంతాల్లో పని. అక్కడి కేంద్రంలో నర్సు పిల్లలను చూస్తుంది. డాక్టరు దూరంగా ఉన్నా అందుబాటులో ఉంటాడు. ఏది తన చేతిలో తీరుతుంది, ఏది దాటిపోతోంది అన్న వివేకం వచ్చేది ఈ ఇరవై నెలల్లోనే. నాలుగు నెలల చదువుకు అయిదింతల కాలం అనుభవానికి ఇచ్చారన్నది గమనించదగ్గ విషయం.

కొద్ది ఏళ్ళలోనే ఫోర్డ్, సిల్వర్ ఫలితాలు ప్రకటించారు. కేంద్రాలకు వచ్చే పిల్లల్లో, ఆరోగ్యవంతులూ జబ్బుపడ్డవాళ్ళూ కలిపి, సుమారు 75 శాతం మందిని ఈ నర్సులు సమర్థంగా చూసుకోగలుగుతున్నారని రాశారు.

రెండు వైపుల నుంచీ రాళ్ళు

డాక్టర్ల నుంచి వ్యతిరేకత వస్తుందని అందరూ అనుకున్నదే. మొదటి పెద్ద దెబ్బ నర్సింగ్ నుంచే తగిలింది. పేరుమోసిన నర్సింగ్ సిద్ధాంతవేత్త మార్తా రోజర్స్, ఇది నర్సును వైద్యుడి సహాయకురాలిగా మార్చే ఎత్తుగడ అని నిప్పులు చెరిగింది. నర్సింగ్‌కు తనదైన శాస్త్రం ఉందని, దాన్ని వదిలి డాక్టరు సంచి మోయడానికి ఎందుకు వెళ్ళాలని ఆమె ప్రశ్న. ఆ కోపంలో నిజాయితీ ఉంది. అదే రోజుల్లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో యూజీన్ స్టెడ్ అనే డాక్టరు, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో 'ఫిజీషియన్ అసిస్టెంట్' శిక్షణ మొదలుపెట్టాడు. అదీ 1965లోనే. రెండూ ఒకటేనని జనం అనుకుంటే నర్సు గుర్తింపు పోతుందన్న భయం ఉత్తినే పుట్టలేదు.

ఫోర్డ్ జవాబు వాదనల్లో కంటే పనిలో ఎక్కువ కనిపిస్తుంది. 1972లో ఆమె రోచెస్టర్ విశ్వవిద్యాలయ నర్సింగ్ స్కూలుకు మొదటి డీన్‌గా వెళ్ళింది. పాఠం చెప్పేవాళ్ళే వార్డులో రోగిని చూడాలి, వార్డులో పనిచేసేవాళ్ళే పాఠం చెప్పాలి అన్న పద్ధతిని అక్కడ నిలబెట్టింది. బోధన, సేవ, పరిశోధన ఒకే చేతిలో ఉండాలన్నది ఆమె పట్టు.

చట్టం కూడా నెమ్మదిగా కదిలింది. 1971లో ఐడహో రాష్ట్రం, నర్సు రోగ నిర్ధారణ, చికిత్స చేసే వీలును చట్టంలోకి తెచ్చింది. అమెరికాలో అది మొదటిది. 1955 నాటి గీతకు పడిన మొదటి గండి అదే.

తూకంలో పెట్టి చూశారు

నర్సు బాగా చూస్తుందని నర్సులు చెబితే ఎవరు నమ్ముతారు? దానికి తూకం కావాలి. ఆ తూకం కెనడాలో జరిగింది.

ఒంటారియో రాష్ట్రంలో బర్లింగ్టన్ అనే ఊరు. ఇద్దరు కుటుంబ వైద్యులు కలిసి నడిపే క్లినిక్. రద్దీ ఎంతగా పెరిగిందంటే కొత్త కుటుంబాలను చేర్చుకోవడం మానేశారు. అక్కడే పనిచేస్తున్న నర్సులకు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ ఇప్పించారు. వాల్టర్ స్పిట్జర్, డేవిడ్ శాకెట్, వారి సహచరులు 1971లో పరీక్ష మొదలుపెట్టారు. సాక్ష్యాధార వైద్యానికి తరువాతి కాలంలో పెద్దదిక్కుగా పేరొందిన శాకెట్ ఈయనే. క్లినిక్‌కు వచ్చే 1,598 కుటుంబాలను చీటీలు తీసినట్టు రెండుగా విభజించారు. మూడింట రెండు వంతులు డాక్టర్ల దగ్గరే ఉన్నాయి. ఒక వంతు నర్స్ ప్రాక్టీషనర్ల దగ్గరికి వెళ్ళాయి.

ఏడాది తిరిగాక లెక్క చూశారు. మరణాల్లో తేడా లేదు. రోజువారీ పనులు చేసుకునే శక్తిలో, మనసు నెమ్మదిలో, నలుగురితో మెలిగే తీరులో తేడా లేదు. తమ దగ్గరికి వచ్చినవాళ్ళలో 67 శాతం సందర్భాల్లో, డాక్టరును అడగవలసిన అవసరం లేకుండానే నర్సులు పని పూర్తిచేశారు. మిగిలిన 33 శాతం నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. మూడింట ఒకసారి ఆగి, ఇది నా చేతిది కాదని గుర్తించి, డాక్టరును కలుపుకున్నారు. రోగుల క్షేమం ఎంత 67లో ఉందో అంత ఈ 33లోనూ ఉంది.

1974లో ఈ ఫలితాలు ప్రఖ్యాత వైద్య పత్రికలో అచ్చయ్యాయి. అయినా ఆ క్లినిక్ ఆదాయం సుమారు 5 శాతం పడిపోయింది. నర్సు ఒంటరిగా చూసిన రోగికి ప్రభుత్వ బీమా డబ్బు చెల్లించదు మరి. పని రుజువైంది, పైసా రాలేదు. తరువాతి పదేళ్ళలో కెనడాలో ఆ శిక్షణలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మళ్ళీ చిగురించడానికి 1990లు రావలసి వచ్చింది. ఎంత మంచి సాక్ష్యమైనా జీతం పట్టికలోకి ఎక్కకపోతే బీరువాలో పడి ఉంటుందని చెప్పడానికి బర్లింగ్టన్ కంటే నిదర్శనం లేదు.

మిస్సోరీ కోర్టులో

1983. మిస్సోరీ రాష్ట్రం పల్లె జిల్లాల్లో కుటుంబ నియంత్రణ కేంద్రాలు నడుస్తున్నాయి. వచ్చేది పేద స్త్రీలు. నర్సులు వాళ్ళ ఆరోగ్య చరిత్ర అడుగుతారు, రొమ్ము పరీక్ష, కటి పరీక్ష చేస్తారు, పరీక్షకు నమూనాలు తీస్తారు, గర్భనిరోధక మాత్రలు ఇస్తారు. ఏ పరిస్థితిలో ఏం చేయాలో డాక్టర్లు సంతకాలు పెట్టి ఇచ్చిన లిఖిత సూచనలున్నాయి. ఎవరికీ హాని జరిగిందన్న ఆరోపణ లేదు. అయినా రాష్ట్ర వైద్య బోర్డు, నర్సులు లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారని, డాక్టర్లు అందుకు తోడ్పడుతున్నారని చర్యకు సిద్ధమైంది. నర్సులూ డాక్టర్లూ కలిసి కోర్టుకెక్కారు. ఆ కేసు పేరు సెర్మ్‌చీఫ్ వర్సెస్ గొంజాలెస్.

కింది కోర్టులో ఓడిపోయారు. రాష్ట్ర సుప్రీంకోర్టులో గెలిచారు. 1975లో రాష్ట్రం నర్సింగ్ చట్టాన్ని మార్చినప్పుడు, డాక్టరు ప్రత్యక్ష పర్యవేక్షణ ఉండాలన్న షరతు తీసేసిందని, నర్సు పనిని ఒక జాబితాలో బంధించకుండా విశాలంగా రాసిందని న్యాయమూర్తులు గుర్తుచేశారు. తమ జ్ఞానం ఎక్కడ ఆగిపోతుందో తెలిసి ఉండటమే వృత్తి నిపుణుల లక్షణమని, ఈ నర్సులు ఆ హద్దు దాటారని చెప్పే ఆధారమేదీ లేదని తేల్చారు.

ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు బర్లింగ్టన్‌లోని ఆ 33 శాతం గుర్తొస్తుంది. పరిశోధకులు అంకెల్లో చూసిన వివేకాన్నే న్యాయమూర్తులు న్యాయసూత్రంగా రాశారు.

డబ్బు చిక్కు కూడా మెల్లగా వీడింది. 1977లో గ్రామీణ క్లినిక్‌ల చట్టం వచ్చి, పల్లెల్లో నర్స్ ప్రాక్టీషనర్ల సేవకు మెడికేర్, మెడికెయిడ్ చెల్లింపుకు దారి ఇచ్చింది. 1997లో వచ్చిన చట్టంతో ఊరైనా పట్నమైనా, మెడికేర్ డబ్బు నేరుగా వాళ్ళకే అందింది. డాక్టరుకిచ్చే రేటులో 85 శాతం. మిగిలిన 15 కోసం వాదన ఈనాటికీ నడుస్తోంది.

ఆ గదిలో ఏం జరుగుతుంది

పిల్లల దగ్గరికి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్ళిన మన తల్లిదండ్రులకు ఈ చరిత్ర ఫలితం ఎదురవుతూనే ఉంటుంది. షుగరు మందు కోసం క్లినిక్‌కు వెళితే లోపలికి వచ్చినవారు డాక్టరు కాదు, 'ఎన్.పి.' (నర్స్ ప్రాక్టీషనర్) అని పరిచయం చేసుకుంటారు. నర్సు మందు రాయడమేమిటని పెద్దవాళ్ళు కలవరపడతారు. ఆ కలవరం సహజమే. అందుకే ఆమె వెనక ఉన్న చదువు తెలియాలి.

నాలుగు నెలల సర్టిఫికెట్‌గా మొదలైనది ఇప్పుడు మాస్టర్స్ లేదా డాక్టరేట్. ముందు రిజిస్టర్డ్ నర్సు అయి ఉండాలి. ఆపైన మూడు మూలస్తంభాలు: శరీరంలో జబ్బు పుట్టి పెరిగే తీరు, మందుల శాస్త్రం, పూర్తి శరీర పరీక్ష. వీటితో పాటు అనుభవజ్ఞుడైన డాక్టరో, నర్స్ ప్రాక్టీషనరో పక్కనుండగా రోగులను చూడాలి. అది కనీసం 500 గంటలుండాలని దీర్ఘకాలం నియమం ఉండేది. 2022 ప్రమాణాలు దాన్ని 750కి పెంచాయి. కుటుంబ వైద్యం, పిల్లలు, వృద్ధులు, మానసిక ఆరోగ్యం ఇలా ఒక రంగం ఎంచుకుని జాతీయ పరీక్ష రాయాలి. అప్పుడు లైసెన్సు. ఈనాడు అమెరికాలో 3.5 లక్షలకు పైగా ఉన్నారు. సగానికి పైగా రాష్ట్రాల్లో డాక్టరు సంతకం అక్కర్లేకుండా మందు రాయవచ్చు.

గదిలో ఆమె చేసే పని గమనించండి. మాత్ర మార్చే ముందు, రాత్రి ఏం తిన్నారని అడుగుతుంది. చెప్పులు విప్పించి పాదాలు చూస్తుంది. మందులు వేళకు ఎవరు ఇస్తున్నారని కోడలిని అడుగుతుంది. రోజర్స్ భయపడినట్టు నర్సింగ్ పోలేదు. స్టెతస్కోపు వచ్చాక కూడా న్యూయార్క్ ఈస్ట్ సైడ్ ఇళ్ళ మెట్లెక్కిన నర్సు చూపు అలాగే ఉంది.

మన ఉపకేంద్రంలో

ఇక మన ఊరికి వద్దాం. 1946లో భోర్ కమిటీ, దేశానికి ఒకే స్థాయి డాక్టరు చాలునని సిఫారసు చేసింది. తక్కువ కాలం చదివి పల్లెల్లో వైద్యం చేసే ఎల్.ఎం.పి. డాక్టర్ల చదువు దాంతో ఆగిపోయింది. ఆశయం ఉన్నతమైనదే. కానీ ఎంబీబీఎస్ చదివినవాళ్ళు పల్లెకు రాలేదు. ఆ ఖాళీలో మిగిలింది నర్సమ్మ. కాన్పు, టీకా, జ్వరం, విరేచనాలు, అన్నింటికీ ఊరు ఆమె తలుపే తట్టింది. బౌల్డర్ నర్సు ఎదుర్కొన్న ప్రశ్నలే ఆమె ముందుకూ వచ్చాయి.

2018లో కేంద్రం 1.5 లక్షల ఉపకేంద్రాలను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాలుగా మారుస్తామని ప్రకటించింది. నర్సింగ్ చదివినవాళ్ళకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఇచ్చి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా అక్కడ నియమించడం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజలు, ఉద్యోగులు వాళ్ళను ఎంఎల్‌హెచ్‌పీలని పిలుస్తారు. ఊళ్ళోనే బీపీ, షుగరు చూస్తారు. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి గుర్తులు వెతుకుతారు. 2019 నవంబరులో ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలీవైద్య సేవ వచ్చాక వీడియోలో డాక్టరును కలుపుతున్నారు. ఆరోగ్య కేంద్రాల్లో దాన్ని మొదట అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే.

2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్, ప్రాథమిక వైద్యంలో కొన్ని మందులు స్వతంత్రంగా రాసే పరిమిత లైసెన్సును ఇలాంటివారికి ఇచ్చే వీలు కల్పించింది. డాక్టర్లు దేశమంతటా రోడ్డెక్కారు. చదువు చాలకుండా కత్తి చేతికిస్తున్నారన్నది వాళ్ళ ఆందోళన. దాన్ని స్వార్థమని తోసిపుచ్చలేం. ఆరు నెలలు చాలునా అన్న ప్రశ్న న్యాయమైనదే. డెన్వర్‌లో నాలుగు నెలల పాఠం తరువాత ఇరవై నెలలు ఎందుకు పెట్టారో ఒకసారి తలుచుకోవాలి. అలాగే రెండో వైపూ చూడాలి. చదువు చాలదని అధికారం ఆపితే, ఆమె ఇప్పుడు చేస్తున్న పని ఆగదు. ఊరు తలుపు తడుతూనే ఉంటుంది. చీకట్లో, పేరు లేకుండా, రక్షణ లేకుండా ఆ పని సాగుతుంది.

కెంటకీ నుంచి మిస్సోరీ దాకా నేను గ్రహించినది ఇదే. చదువు, చట్టం, జీతం, ఈ మూడూ కలిసి నడిచినచోటే నర్సు నిలబడింది, రోగి క్షేమంగా ఉన్నాడు. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా బండి కూలబడింది. మన ఉపకేంద్రంలో కూర్చున్న అమ్మాయికి పక్కన నిలబడి నేర్పే గురువు కావాలి, ఎక్కడ ఆగాలో చెప్పే పుస్తకం కావాలి, చేసిన పనికి చట్టం అండ కావాలి, పనికి తగ్గ జీతం కావాలి. ఇవి అడగడం ఆమె ఒక్కదాని పని కాదు. ఆ తలుపు తట్టే మనందరిది.

లొరెట్టా ఫోర్డ్ 2025 జనవరిలో, 104 ఏళ్ళ నిండు వయసులో కన్నుమూసింది. అప్పటికి స్టీన్ రాసిన ఆ అర్ధరాత్రి ఫోనుకు అరవై ఏళ్ళు కావస్తున్నాయి. ఈ రోజు మన ఊరి కేంద్రంలో తెర ముందు కూర్చున్న నర్సు, అవతల ఉన్న డాక్టరుతో మాట్లాడుతుంది. బీపీ ఇంత, షుగరు ఇంత, పాదం మీద మానని పుండు, నాకు ఇలా అనిపిస్తోంది సార్ అంటుంది. ఆ చివరి ముక్కను ఆమె జంకు లేకుండా అనగలగాలి. దానికోసమే ఇంత కథ నడిచింది.

(వచ్చే భాగంలో: 2017లో కరీంనగర్ ప్రభుత్వాసుపత్రికి మంత్రసాని విద్య నేర్చుకోవడానికి వచ్చిన ముప్ఫై మంది నర్సులు, సిజేరియన్ల రాష్ట్రంలో సహజ కాన్పు కోసం వాళ్ళు చేసిన కృషి.)